ఇరువది అంకెల చంపకమాల

మన యిండ్లలో ప్రతిదినము సంకల్పము చెప్పుకొనునపుడు ద్వితీయపరార్ధము, శ్వేతవరాహకల్పము, వైవస్వతమన్వంతరము, కలియుగము అని వరుసగా ఉచ్చరించుచుందుము. ఆ మాటలలో ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క పెద్ద సంఖ్య నిలిచియున్నది. కలియుగము 4,32,000 సంవత్సరములు. మహాయుగము 43,20,000. బ్రహ్మకు ఒక పగలైన కల్పము 432,00,00,000. వీనిని వినినంతనే కొందరు అతిశయోక్తులని త్రోసిపుచ్చెదరు. మరికొందరు సర్వమును మన పెద్దలకు తెలియునని చేతులు జోడించి ఊరకుందురు. త్రోసిపుచ్చువారును, చేతులు జోడించువారును లెక్క మాత్రము చేయరు. పెద్ద సంఖ్యను గౌరవించుట యనగా దానిని పరీక్షించుటయే యని నా అభిప్రాయము. అందులకు తగిన సంఖ్య యొకటి మన తెలుగు పద్యములోనే కలదు. దానిని ఈ వ్యాసమున చేతికి తీసికొందము. పలకయు బలపమును చాలును.

ఆ పద్యము పావులూరి మల్లనదిగా ప్రసిద్ధము. ఈయన 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కాలమువాడని పలువురును, కొంత తరువాతివాడని కొందరును తలంచుచున్నారు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును ఈయన తెలుగు చేసెను. మూలకర్త జైనుడు, మల్లన శివభక్తుడు, మనము వైష్ణవులము. కూడికలోను గుణకారములోను ఈ భేదమునకు చోటు లేదు. సంస్కృతమూలమును ఎం. రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున ప్రకటించిరి.

పద్యమునందలి విషయము చదరంగపు పలక. దానికి అరువదినాలుగు గడులు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయుచు పోయినచో అన్ని గడులలోని గింజల మొత్తమెంత? చదరంగమును కల్పించినవాడు రాజును ఈ బహుమానమే కోరెననియు, రాజు తొలుత నవ్వి, తరువాత తన గాదెలు చాలవని తెలిసికొనెననియు కథ. దానిని 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ అను అరబ్బు గ్రంథకర్త చెప్పియున్నాడు. అంతకు ముందే, ఇంచుమించు క్రీ.శ. 1000లో, అల్ బిరూనీ తన కాలగణన గ్రంథమున ఇదే మొత్తమును లెక్కగట్టెను. కావున ఈ లెక్క మనకొక్కరికే చెందినది కాదు. అయినను ఇరువది అంకెలను ఒక్క చంపకమాలలో ఇమిడ్చి, పామరునకును నోటికి వచ్చునట్లు చేయుట తెలుగువాని పని.

అంకెలను పద్యములో చెప్పుటకు భూతసంఖ్యలను వాడుదురు. లోకమున ఏ వస్తువు ఎన్ని యున్నవో ఆ వస్తువు పేరే ఆ సంఖ్యకు పేరగును. మల్లన పద్యములో ఒకటికి చంద్రుని పేర్లు మూడు వచ్చును: శశి, చంద్ర, తుహినాంశు. మూడునకు అగ్ని. అయిదునకు మన్మథుని బాణములు, అనగా శర శబ్దము రెండు మారులు, సాయక శబ్దము ఒక మారు. ఆరునకు షట్కము, తర్కము. ఎనిమిదింటికి దిగ్గజములను తలంచి కుంజరము. తొమ్మిదింటికి శరీరమునందలి నవద్వారములను బట్టి రంధ్రము. సున్నకు వియత్తు, గగనము, అనగా ఆకాశము. విష్ణుపదమనియు అనంతమనియు కూడ సున్నకు పేర్లున్నవని మన పాఠకులకు చెప్పినచో సంతసింతురు. ఈ పద్యములో మాత్రము అవి రాలేదు. ఏడునకు నగము, భూధరము, గిరి, మూడును కొండ పేర్లే. గణితజ్ఞులు కులపర్వతములు ఏడని ఎంచిరి. తిరుమల యాత్రికునకు వేరు వివరణము అక్కరలేదు.

ఇక నాలుగు. ఇది నాలుగు మారులు వచ్చును, నాలుగును వేర్వేరు మాటలతో: అబ్ధి, వేదము, పయోనిధి, పద్మజాస్యము. పద్మజాస్యమనగా బ్రహ్మముఖము. అంకెలు ఎడమకు నడచునను నియమము చొప్పున పద్యములో మొదట చెప్పినది ఒకట్ల స్థానము, తరువాతిది పదుల స్థానము. అట్లు వ్రాయగా వచ్చునది ఇది:

1,84,46,74,40,73,70,95,51,615.

చదువవలెనన్నచో 1,84,467 కోటికోట్ల మీద 44,07,370 కోట్ల మీద 95,51,615 అనవలెను. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో స్థానములకు పదునెనిమిది పేర్లే యున్నవి, చివరిది పరార్ధము. మన సంఖ్యకు ఇరువది స్థానములు గనుక అది పరార్ధమును దాటి, 184 పరార్ధములకు పైబడినది. మహావీరాచార్యుడు మహాక్షోభము వరకు ఇరువదినాలుగు పేర్లు చెప్పెను. ఆయన ననుసరించువానికి ఇది ఇరుకు కాలేదు. సంకల్పములోని ద్వితీయపరార్ధము వేరు సుమా. అచ్చట పరార్ధమనగా బ్రహ్మ ఆయుర్దాయములో సగము, 15,55,20,00,00,00,000 సంవత్సరములు.

సెలవులలో మా చిల్లకూరి యింటికి నాలుగక్షరములు నేర్చుకొనుటకు వచ్చు పిల్లలకు ఈ పద్యము చెప్పుచుండగా ఒక బాలిక అడిగెను: "తాతయ్యగారూ, సముద్రములు ఏడని గదా పురాణములో చెప్పితిరి? ఇక్కడ నాలుగెట్లైనవి?" మంచి ప్రశ్న. లవణేక్షుసురాది సప్తసముద్రములు మనకు సుపరిచితములు. గణితమున సముద్రమనగా నాలుగని రూఢి. అయితే "రూఢి" యని చెప్పి పిల్లల నోరు మూయించుట అధ్యాపకునకు సులభమే గాని విద్యార్థికి లాభము లేదు. ఏది సరియో సంఖ్యయే చెప్పవలెను. చెప్పును కూడ.

ఎట్లన: రెండును రెండుతో గుణించుచు పోయి, ప్రతిఫలమును తొమ్మిదిచే భాగించి శేషము చూడుడు. 2, 4, 8, 7, 5, 1 అని ఆరు శేషములు వచ్చి, మరల మొదటికి వచ్చును. అరువదినాలుగు రెండ్లను గుణించినప్పుడు ఆరేసి చొప్పున పది ఆవృత్తులు పోగా నాలుగు మిగులును. నాలుగవ శేషము 7. గడుల మొత్తము దానికి ఒకటి తక్కువ, ఎందుచేతననగా ఏ గడిలోని గింజలైనను దానికి ముందున్న అన్ని గడుల మొత్తముకంటె సరిగా ఒకటి ఎక్కువ. ఒకటి, ఒకటియు రెండును మూడు, మూడును నాలుగును ఏడు, తరువాతి గడి ఎనిమిది. కాబట్టి మన మొత్తమును తొమ్మిదిచే భాగించిన శేషము 6 కావలెను. ఇది పద్యమును చూడకయే తెలిసిన విషయము. ఇప్పుడు పద్యములోని ఇరువది అంకెలను కూడుడు. 87 వచ్చును. 8, 7 కూడగా 15, మరల కూడగా 6. సరిపోయినది.

సముద్రమును ఏడని తీసికొని చూతము. అబ్ధి, పయోనిధి రెండును ఏడైనచో మొత్తము 93, శేషము 3. ఒక్కటియే ఏడైనచో 90, శేషము సున్న. రెండును తప్పు. సముద్రములు పురాణమున ఏడు కావచ్చును, ఈ పద్యమున నాలుగే. బాలిక తానే పలకమీద చేసి చూచి ఒప్పుకొన్నది. నా మాట మీద ఒప్పుకొన్నదానికంటె అది మేలు.

తొమ్మిది చొప్పున పరీక్షించు ఈ పద్ధతిని 10వ శతాబ్దివాడగు రెండవ ఆర్యభటుడు మహాసిద్ధాంతమున చెప్పియున్నాడు. కాని దీనికొక లోపము కలదు. అంకెలు తమలో తాము చోటు మార్చుకొన్నను మొత్తము మారదు. తొమ్మిదికి బదులు సున్న పడినను శేషము మారదు. రెండవది ఊహకు మాత్రమే చెందిన ప్రమాదము కాదు, ఈ పద్యములోనే యున్నది. రంధ్ర శబ్దమునకు తొమ్మిదియని అర్థము చెప్పితిమి గదా. అదే శబ్దమును సున్నకు వాడినవారును కలరు, రంధ్రమనగా ఖాళీయే గనుక. సున్నయని చదివినచో అంకెల మొత్తము 78, శేషము మరల 6. తొమ్మిది పరీక్ష మోసపోయినది!

అందుచేత పదునొకండు పరీక్ష కావలెను. ఒకట్ల స్థానము మొదలు బేసి స్థానములలోని అంకెలు ఒకవైపు, సరి స్థానములలోనివి ఒకవైపు కూడుడు. బేసివి 62, సరివి 25. భేదము 37. పదునొకండుచే భాగింప శేషము 4. ఎంత రావలెను? రెండు గుణకారములను పదునొకండుచే భాగించిన శేషములు పదింటికొక మారు తిరిగి వచ్చును. అరువదినాలుగవది నాలుగవదానితో సమానము. నాలుగు రెండ్ల గుణకారము 16, శేషము 5, ఒకటి తీయగా 4. సరిపోయినది. రంధ్రమును సున్న చేసినచో బేసివి 53, భేదము 28, శేషము 6. సరిపోదు. కనుక రంధ్రము తొమ్మిదియే.

తాటాకుల మీద ఎత్తివ్రాయు లేఖకుని చేతిలో ఇట్టి పద్యమునకు ఏమేమి అపాయములు రాగలవో ఆలోచింపుడు. వేదము, గిరి అను మాటలు పద్యములో ప్రక్కప్రక్కనే యున్నవి. లేఖకుడు తారుమారు చేసినచో గణము చెడును, చెవి వెంటనే పట్టుకొనును. కాని వేదమునకు బదులు బాణమని వ్రాసినచో? రెండును గురులఘువులే. చంపకమాల చెడదు, ప్రాస చెడదు, చెవికి ఏమియు తెలియదు. లెక్కకు తెలియును: మొత్తము 88 అయి శేషము 7 వచ్చును. ఛందస్సు మాట కొలతను కాచుచున్నది, గణితము మాట విలువను కాచుచున్నది. కంఠస్థము చేసినవాడు మొదటి కావలివానిని మాత్రమే పెట్టుకొన్నట్లు. నేడు మన ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ అంకె ముందున్న పదునొకండు అంకెలను బట్టి వచ్చునదే. ఒక అంకె తప్పినను, ప్రక్కప్రక్క అంకెలు తారుమారైనను యంత్రము పట్టుకొనుటకై దానిని చేర్చిరి. పని ఒకటే, పనిముట్టు వేరు.

ఈ రెండు పరీక్షలను దాటిపోగల తప్పులును లేకపోలేదు. సంపూర్ణముగా నమ్మవలెనన్నచో మొత్తమును గుణించి చూడవలసినదే. అరువదినాలుగు మారులు రెట్టింపు చేయనక్కరలేదు. పింగళుడు ఛందశ్శాస్త్రమున దగ్గరి దారి చూపెను. సంఖ్యను సగము చేయుచు పొమ్మనును, సగమైనచోట వర్గము చేయుమనును, బేసియైనచోట ఒకటి తీసి రెండుచే గుణింపుమనును. అరువదినాలుగు సగమై సగమై ఒకటి వరకు చక్కగా దిగును గనుక మనకు ఆరు వర్గములే పని. రెండు వర్గము 4. దాని వర్గము 16. తరువాత 256. తరువాత 65,536. తరువాత 429,49,67,296. ఆరవ వర్గమే అరువదినాలుగు రెండ్ల గుణకారము. దానినుండి ఒకటి తీయుడు. అయిదవ వర్గము వరకు పిల్లలు చేయగలరు. ఆరవది పది అంకెలను పది అంకెలతో గుణించుట, పెద్దలకు ఒక గంట పని. ఏకాదశినాడు చేయదగినదే.

ఈ వర్గముల మెట్లే సంఖ్య యొక్క కారణాంకములను కూడ బయటపెట్టును. మూడును అయిదుచే గుణింప 15. దానిని 17చే గుణింప 255. దానిని 257చే గుణింప 65,535. దానిని 65,537చే గుణింప 429,49,67,295. దానిని 429,49,67,297చే గుణింప మన మహాసంఖ్య. ప్రతి మెట్టునందును వచ్చినది ఒక వర్గమునకు ఒకటి తక్కువ, గుణించినది అదే వర్గమునకు ఒకటి ఎక్కువ. వర్గభేదము మొత్తభేదముల గుణకారమని బీజగణితము చదివినవారికి గుర్తుండును.

3, 5, 17, 257, 65,537 ఇవి వేరొకదానిచే భాగింపబడని ప్రధానసంఖ్యలు. ఆరవదియగు 429,49,67,297 కూడ అట్టిదేనా? 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశీయుడగు ఫెర్మా ఈ వరుసలోనివన్నియు ప్రధానసంఖ్యలేయని నమ్మెను. గొప్ప గణితజ్ఞుడు. ఆయన మాటను చాలకాలము ఎవరును కాదనలేదు. 1732లో ఆయిలరు అను పండితుడు ఆ పెద్ద సంఖ్య 641చే నిశ్శేషముగా భాగింపబడునని చూపెను. లబ్ధము 67,00,417.

భాగహారము చేయకయే దీనిని చూచు ఉపాయమొకటి ఎంత ముచ్చటయైనదో చూడుడు. 641లో ఒకటి తీసిన 640, అది అయిదుచే గుణించిన 128. అనగా అయిదును ఏడు రెండ్లును గుణించినది 641కి ఒకటి తక్కువ. దీనిని నాలుగు మారులు తనతో తాను గుణించినచో "ఒకటి తక్కువ" నాలుగు మారులు గుణింపబడి శేషము ఒకటి యగును. కాబట్టి నాలుగు అయిదులును ఇరువదియెనిమిది రెండ్లును గుణించిన దానికి శేషము ఒకటి. నాలుగు అయిదుల గుణకారము 625, అది 641కి పదునారు తక్కువ. పదునారనగా నాలుగు రెండ్లు. ఇరువదియెనిమిది రెండ్లకు నాలుగు చేరి ముప్పదిరెండు. ముప్పదిరెండు రెండ్ల గుణకారమును "తక్కువ" గుర్తుతో తీసికొనిన శేషము ఒకటి యైనది. అనగా దానికి ఒకటి కలిపినచో శేషము సున్న. సిద్ధించినది. నిదానముగ రెండు మారులు చదివినవారికి బోధపడును.

కావున మల్లన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకములు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఒక్కొక్కటి ఒక్కమారే వచ్చును గనుక దానిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు మొత్తము 128. పద్యములో కొండల పేర్లు మూడు మారులు వచ్చినను ఏడుచే మాత్రము ఇది భాగింపబడదు, ఒకటి మిగులును. రెండ్లనుండియే పుట్టిన సంఖ్యలో రెండను అంకె ఒక్కచోటను లేకుండుట మరియొక వింత.

ఇక పరిమాణము. మా చిల్లకూరు గూడూరునకు చేరువనున్న ఊరు. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లాలో చేరినది. మొలగొలుకుల బియ్యమునకు పేరుపడిన సీమ యిది. కళ్లములో ధాన్యము కొలుచునపుడు మొదటి కొలతను ఒకటి యనక "లాభము" అని, పిదప రెండు, మూడు అని పోవుదురు. మల్లన గింజలను ఇట్లు కొలువబోయినచో ఏమగును? సన్నబియ్యము గ్రామునకు ఏబది గింజలని తలంతము. మొత్తము బరువు 36,893 కోట్ల టన్నులకు పైమాట. నెల్లూరి పుట్టి 850 కిలోలు. ఆ లెక్కన ఇంచుమించు 43,400 కోట్ల పుట్లు. నేడు ప్రపంచమంతయు కలిసి ఏటికి పండించు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైన. కనుక ఇది సుమారు ఏడువందల యేండ్ల లోకపు పంట. భారతదేశమంతట సమముగా పరచినచో రెండు బెత్తెల మందమున నిలుచును. రాజు గాదెలు చాలకపోవుట న్యాయమే.

అయితే బియ్యము బదులు ఇసుకను తీసికొనిన కథ మారును. చిల్లకూరు, కోట ప్రాంతముల తెల్లని సిలికా ఇసుక గాజు పరిశ్రమకు పోవుచుండుట ఇచ్చటివారెరుగుదురు. అర మిల్లీమీటరు రేణువులైనచో ఘనపు మీటరునకు సుమారు 800 కోట్లు పట్టును. మన సంఖ్యకు కావలసినది 230 కోట్ల ఘనపు మీటర్లు. నూరు కిలోమీటర్ల పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు, ఇరువదిమూడు మీటర్ల లోతు గల తీరభాగము చాలును. దేశమునంతయు కప్పిన సంఖ్య మా తీరములో ఒక పట్టెలో ఇమిడినది! సంఖ్య పెద్దదా చిన్నదా యనుట దేనిని లెక్కించుచున్నామో దానిపై నున్నది. గ్రీకుదేశపు ఆర్కిమిడీసు విశ్వమంతయు ఇసుకతో నింపినను ఒకటి ప్రక్కన అరువదిమూడు సున్నలు మించదని లెక్కవేసెను. రామాయణ యుద్ధకాండలో శుకుడు రావణునకు వానరసేనను వర్ణించుచు లక్షరెట్ల చొప్పున పెరుగు సంఖ్యానామములను మహౌఘము వరకు చెప్పును. వాని ముందర మల్లన సంఖ్య వామనమూర్తియే.

కాలముతో పోల్చుదము. క్షణమునకు, అనగా నేటి సెకండునకు, ఒక గింజ చొప్పున నిద్రాహారములు మాని లెక్కించినను 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. కల్పమునకు 432 కోట్లు గదా. బ్రహ్మకు 135 పగళ్లు. రాత్రులును కలిపినచో 67 దినములకు పైన. సంకల్పములోని కల్పశబ్దము ఎంత కాలమును చెప్పుచున్నదో గుణించి చూచిన తరువాత నోట పలుకుటలో భేదముండును.

ఇచ్చట ఒక హెచ్చరిక. చదరంగపు పలకలో ముప్పదిమూడవ గడిలోని గింజలు 429,49,67,296. కల్పసంవత్సరములు 432,00,00,000. భేదము 2,50,32,704 మాత్రమే, నూటికి ఒకటికంటె తక్కువ. దీనిని చూచి రహస్యమేదో దొరికినదని సభలలో చెప్పువారు ఉండవచ్చును. అది కాకతాళీయము. ఈ రెండింటి స్వభావములు పూర్తిగా వేరు. మొదటిది రెండ్ల గుణకారము మాత్రమే. మూడుచేగాని అయిదుచేగాని భాగింపబడదు. కల్పసంఖ్య పదునొకండు రెండ్లు, మూడు మూళ్లు, ఏడు అయిదుల గుణకారము. దానిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు 384. యుగములను నాలుగు, మూడు, రెండు, ఒకటి పాళ్లుగా పంచుటకును, గ్రహభ్రమణములను పూర్ణసంఖ్యలలో చెప్పుటకును అనువైన సంఖ్య అది. పని చూచి నిర్మించిన సంఖ్యను, రెట్టింపుతో తానుగా పెరిగిన సంఖ్యను పోలిక మాత్రముచే ముడిపెట్టరాదు.

నేటి కంప్యూటరులో అరువదినాలుగు బిట్ల గడి యనునది అరువదినాలుగు దీపముల వరుస వంటిది. ఒక్కొక్కటి వెలుగును లేదా ఆరును. అన్నియు వెలిగినచో చూపు సంఖ్య సరిగా మల్లన సంఖ్యయే. పంచాంగకర్తలు క్రీ.పూ. 3102 ఫిబ్రవరిలోని కల్యాది నుండి దినములను లెక్కించినట్లు, అనేక యంత్రములు 1970 జనవరి 1 నుండి సెకండ్లను లెక్కించును. ముప్పదిరెండు బిట్లతో, అందొకటి గుర్తుకు పోగా, లెక్కించు పాతయంత్రములకు గడువు 2038 జనవరి 19తో ముగియును. అరువదినాలుగు బిట్లకు మారినవానికి 67 కల్పముల గడువున్నది.

వెలుగుట, ఆరుట అను రెండే స్థితులు మనకు క్రొత్తవి కావు. లఘువు, గురువు అనునవి అవియే. ఈ సంఖ్యను మోయుచున్న పద్యమునే పలకమీద పరచి చూతము. చంపకమాలకు పాదమునకు ఇరువదియొక్క అక్షరములు. గణములు న, జ, భ, జ, జ, జ, ర. చదరంగపు తొలి ఇరువదియొక్క గడులలో ఒక్కొక్క అక్షరము నుంచుడు. లఘువున్న గడిలో గింజలు ఉండనిండు, గురువున్న గడిలోనివి తీసివేయుడు. మిగిలిన గింజలకు ఒకటి కలిపినచో ప్రస్తారములో ఆ వృత్తము ఎన్నవదో తెలియును. ఛందశ్శాస్త్రము దీనిని ఉద్దిష్టమనును. చంపకమాలకు మిగులు గింజలు 7,11,599. కాబట్టి ఇరువదియొక్క అక్షరముల వృత్తములు 20,97,152 ఉండగా, అందు చంపకమాల 7,11,600వది. ఉత్పలమాలకు ఇరువది అక్షరములు, గణములు భ, ర, న, భ, భ, ర, పిదప లఘువు గురువు. ఇట్లే చేసినచో 10,48,576 వృత్తములలో 3,55,799వది అని రావలెను. వచ్చునో లేదో గింజలు పోసి చూచుకొనుడు.